బయ్యూమి బొమ్మ కట్టిన పద్యాలు

"ఏదో చిన్న పనిలే, చెప్పుకునేంతది కాదు," అంటూ బయ్యూమి పుదీనా టీలో నాలుగో చెంచా పంచదార వేసుకున్నాడు. కైరోలో అల్ అజ్‌హర్ వెనక సందులో అతనిది టైపింగ్ కొట్టు, ఎదురుగా షలబి కాఫీ కొట్టు. మధ్యాహ్నం ఆ కాఫీ కొట్లో కూర్చున్నాడంటే ఇక లేవడు.

"మన నజ్లా లేదూ? పాత కవుల మీద ఏడేళ్లు కష్టపడి థీసిస్ రాసింది. ఇవాళ నాలుగింటికల్లా ఇవ్వకపోతే డాక్టరేట్ చేజారినట్టే. పద్యాలన్నీ నేనే బంగారు రంగు నగిషీ అక్షరాల్లో పెట్టా. నా కొట్లో ఎంత కళగా ఉన్నాయనీ! తీరా ప్రొఫెసర్ గారి కంప్యూటర్లో ఆ నగిషీ ఫాంటు లేదు, దాంతో కలిసుండాల్సిన అరబ్బీ అక్షరాలన్నీ విడిపోయి చెల్లాచెదురు. పిల్ల ఒకటే ఏడుపు. ఊరుకోమ్మా, నేను బతికే ఉన్నాగా అన్నా. ఏం చేశానో తెలుసా?"

"ఒక్కో పద్యం ఫొటో తీసి అతికించావా మావా?" అన్నాడు షలబి.

"అది చేతకానివాళ్ల పని! నేనో ప్రోగ్రాం రాశా. నగిషీ స్టైల్లో ఉన్న ముక్క ఎక్కడున్నా అదే వెతుకుతుంది, అదే బొమ్మ చేస్తుంది, అదే ఉన్నచోట కూర్చోబెడుతుంది. బొమ్మయ్యాక ఇక చెదిరేదేముంది? మీట నొక్కా. నేను తుమ్మేలోగా తొమ్మిదొందల పద్యాలు!"

"అబ్బో!"

"అప్పుడే ఏమైంది, ఆ పని దానికి ఏ మూలకీ చాల్లేదు. కొట్లో ఉన్న శుభలేఖలన్నీ మింగింది, తొమ్మిదివేలు! వైరు పట్టుకుని పక్క కొట్లోకీ పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అలెగ్జాండ్రియా నుంచి మా బావమరిది ఫోను. బావా, మా వీధి బోర్డులన్నీ బంగారమైపోయాయి, నీ పనేనా అని! నైలు నది పద్యం ప్రింటు తీస్తుంటే ప్రింటర్లోంచి నీళ్లు, తుడవలేక చచ్చా. గులాబీ పద్యం మీదైతే తేనెటీగలు మూగి కూర్చున్నాయి, ఇప్పటికీ కదల్లేదు."

షలబి చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. "నీ చెయ్యి బంగారం మావా!"

మూలన సోంపు కషాయం తాగుతున్న ప్రూఫులు దిద్దే షేక్ మిత్‌వల్లి తలెత్తాడు. "అసలు ఫైలు విడిగా దాచావా నాయనా?"

"ఎందుకండీ? దాని మీదే సేవ్ కొట్టేశా. నా బొమ్మలకి దిద్దుబాట్లుండవు. మీ ఎర్ర పెన్నుకి ఇక సెలవే షేక్ గారూ!"

అంతలో నజ్లా పరుగున వచ్చింది. "బాబాయ్! ఒక్క అక్షరం చెదరలేదని ప్రొఫెసర్ గారు ఎంత మెచ్చుకున్నారో! కానీ బంగారం, నగిషీ కుదరవట. నల్లటి మామూలు అక్షరాల్లో ఉండాలట. మళ్లీ మీట నొక్కితే సరిపోతుందిగా?"

బయ్యూమికి టీ పొలమారింది. "నొక్కాలంటే అక్షరాలుండాలిగా అమ్మా. అన్నీ బొమ్మలైపోయాయి."

"చూసి మళ్లీ టైపు కొట్టు బాబాయ్! ఇంకా మూడు గంటల టైముంది."

"ఆ నగిషీ అల్లిక ఎవరూ చదవలేరమ్మా, నాకే రాదే!" అన్నాడు బయ్యూమి నీరుగారిపోయి. "నీ చేతిరాత కాగితాలు..."

"తాంతాలో మా ఇంట్లో ఉన్నాయి. వెళ్లొచ్చేసరికి సాయంత్రమైపోతుంది." నజ్లా గడపమీద కూలబడింది. "ఏడేళ్లు బాబాయ్!"

షేక్ కషాయం గ్లాసు కింద పెట్టి లేచాడు. "వీడు కోసినట్టు పద్యాలు తొమ్మిదొందలేం కాదమ్మా. తొంభై. రెండుసార్లు ప్రూఫులు దిద్దాను, అన్నీ నాకు నోటికొచ్చు. నేను చెబుతా, వీడు కొడతాడు. ఆ ప్రోగ్రాం మాత్రం నిజంగా గొప్పదే, కొట్టడం అయ్యాక ఈ నల్ల అక్షరాల మీద మళ్లీ దాన్నే నడిపిద్దాం, ఇవీ చెదరవు. లే తల్లీ, ఏడవకు."

ముగ్గురూ ఎదురు కొట్లోకి నడిచారు. బయ్యూమి కొత్త ఫైలు తెరిచి, మొట్టమొదట దానికి వేరే పేరు పెట్టి సేవ్ చేశాడు. వేళ్లు మీటల మీద పెట్టి, "చెప్పండి షేక్ గారూ," అన్నాడు బుద్ధిగా.

షేక్ కుర్చీ లాక్కుని, కూర్చోకుండా ఆగాడు. "మొదటిది గులాబీ పద్యమే. ముందు ఆ తేనెటీగల్ని తోలు నాయనా."