తాడుచింత

వంక దాటినాక ఎడమచేతి పక్కన ఒక చింతమాను ఉంది గదా, తాడుచింత, దాని కాయ రాలితే రాలినట్టే మట్టిలో కలిసిపోతాది గానీ ఒక్కరూ ఏరుకోరు. ఏం, దానికి పులుపు లేదా? గుప్పెడు చింతపండు కాడ అక్కాచెల్లెళ్లు మాటలు మానుకున్న ఊరు మనది, అట్లాంటి ఊళ్లో ఆ మాను పేరెత్తితే చాలు, ఆడోళ్లు కొంగు సర్దుకోని ఇంటికి పోతారు. మొన్న ఎవడో పొద్దుమునిగే యాళకు ఆడ మోటరుసైకిలు నిలిపి ఫోను మాట్లాడినాడంట, ఎవడో నేను చెప్పను, ఈడనే కూర్చోనున్నాడు. నవ్వండబ్బా, పళ్లుండేటోళ్లు నవ్వాల్సిందే. ఇంగ దగ్గరికి జరగండి, మధ్యలో లేచి నీళ్లు తాగొస్తా అంటే నేను మళ్లీ మొదట్నించి చెప్పను.

ఆ కాలంలో కోనాపురం ఆసుపత్రికి తారురోడ్డు లేదు. ఎద్దులబండి పోతాది, పోతాది గానీ ఆ రాళ్లదావలో బండెక్కితే బాగుండేటోనికే నడుం విరుగుతాది, ఇంగ రోగమొచ్చినోని గతేమి? అందుకే మనూళ్లో వన్నూరప్ప అని ఒకాయన గుర్రాలు పెట్టుకోనుండె, ఆయప్ప నాయనా పెట్టె, తాతా పెట్టె. మామూలు గుర్రాలు గాదు, రవాలు గుర్రాలు. రవాలంటే ఏమంటారా? మామూలు గుర్రం ఉరికితే పైన కూర్చున్నోడు చేటలో గింజ ఎగిరినట్ల ఎగురుతాడు గదా, రవాలు గుర్రం అట్ల గాదు, నాలుగు కాళ్లూ ఒకదాని ఎనక ఒకటి పడతాయి, టక టక టక టక అని, కింద కాళ్లు ఎంత బిరీన పోతున్నా పైన వీపు మాత్రం కదలదు. నిండు చెంబు పట్టుకోని కూర్చుంటే చుక్క తొణకదు. ఆ నడక పుట్టుకతో రావాల, తల్లి కడుపులోనుంచి రావాల.

వన్నూరప్పకు పావురాయి అని బూడిదరంగు ఆడగుర్రం ఉండె. కాలిరిగినోళ్లు, పాము కరిచినోళ్లు, నొప్పులు పడే ఆడోళ్లు, అందర్నీ కోనాపురం చేర్చింది అదే. ఆయప్ప దాన్ని చూసుకునేది చూడాల! మాపున ఉలవలు నానేసి, పొద్దున ఉడకేసి, చల్లారినాక చేత్తో కలిపి పెడతాడు, గడ్డితో ఒళ్లంతా రుద్దుతాడు, ఒక్కొక్క గిట్టా ఎత్తి ఇరుక్కున్న రాళ్లు గీకి ఆముదం పూస్తాడు. గిట్ట ఎత్తాల్నంటే కొట్టేది లాగేది లేదు, పక్కన కూర్చోని, కాలియ్యి తల్లీ అంటాడు, అది ఒళ్లు వాల్చి ఆయప్ప భుజానికి ఆనుకోని కాలిస్తాది. పెండ్లాం సుంకమ్మ నోరు ఊరుకుంటాదా, కట్టుకున్నదానికి ఒకనాడు కాలు పట్టింది లేదు, గుర్రానికి మాత్రం రెండుపూట్లా నాలుగు కాళ్లూ పడతాడమ్మా మా ఆయన, అని బావికాడ అందరికీ చెప్తాండె. వన్నూరప్ప మాత్రం అది విని నవ్వి ఊరుకుంటాండె.

ఆ పావురాయి ఈనింది, ఆడపిల్ల. గువ్వ అని పేరు పెట్టినారు. తల్లి ముసలిదైతాంది, ఇంగ దాని తర్వాత ఊరికి గువ్వే దిక్కు, అందుకని అందరి కండ్లూ దాని కాళ్ల మీదే. అదేమో ఎగిరి దూకి తైతక్కలాడతాది గానీ రవాలు పడదు. పడదంటే ఎట్ల, పిల్లముండకు అప్పుడేనా? వన్నూరప్ప నాయన సచ్చేముందర చెప్పనే చెప్పినాడు, ఒరే, నడక నెత్తుట్లో ఉంటే ఎప్పుడో ఒకనాడు అదే బయటపడతాది, ఓపిక పట్టల్ల గానీ పుట్టుకతో ఉండేదానికి తాడు కట్టొద్దు రా అని. తాడంటే, నడక లేని గుర్రాలకు నేర్పేదానికి కుడి ముందరకాలికీ కుడి ఎనకకాలికీ ఒక తాడు, ఎడమపక్క అట్లే ఇంగొకటి కడతారు, అప్పుడు ఒకపక్క కాళ్లు రెండూ కలిసే పడాల. దానికి ఆ ఇంటోళ్లకు మాత్రమే తెలిసిన ఒక ముడి ఉండె. లాగితే బిగుస్తాది, గుర్రం తనంతట తాను కాలిస్తేనే వదులైతాది.

అంత తెలిసినోడు ఎందుకు కట్టినాడంటారా? రోషం నాయనా, రోషం. పావురాయి కడుపున కోడిపెట్ట పుట్టిందే వన్నూరప్పా, అని బండి ఈరన్న సంతలో అన్నాడంట, పక్కనోళ్లు నవ్వినారంట, అంతే. ఆ నవ్వు ఇంటికొచ్చినా చెవుల్లోనుంచి పోలేదు. ఎవరికీ చెప్పకుండా, సుంకమ్మకు కూడా చెప్పకుండా, రోజూ ఆ చింతమాను కిందికి తోలుకోనిపోయి గువ్వకు రెండుపక్కలా తాడు కట్టి నడిపించబట్టె. అది కాళ్లు ఈడ్చుకుంటా టప్పు, టప్పు అని నడుస్తా, ఈయప్ప మొగం తిక్కు చూస్తాండె.

ఒకనాడు పక్కూళ్లో పెండ్లి, పెండ్లికొడుకును ఊరేగించేదానికి పావురాయి కావాలనిరి. వన్నూరప్ప గువ్వను తాళ్లతోనే ఆ మాను కింద మేతకు వదిలి, ఎంతసేపు, పోయి వస్తాగదా అనుకోని పోయె. పోయినోన్ని పెండ్లోళ్లు ఊరికే పంపుతారా, ఓళిగలు, నెయ్యి, తినప్పా తినప్పా అని కూర్చోబెట్టిరి, ఈయప్ప తినె. ఆడ కొండల్లో వాన దిగింది. ఈడ మనకు చినుకు లేదు. వంక ఎట్ల వస్తాదో మీకు నేను చెప్పాల్నా? మేకలు గట్టెక్కినాయి, కుక్కలు గట్టెక్కినాయి, గువ్వ ఎక్కలేకపోయింది. గట్టెక్కాల్నంటే కాలు చాపాల గదా, ఎట్ల చాపుతాది?

పొద్దున ఆయప్ప వచ్చి చూస్తే మాను ఏర్ల కాడ పడుంది, సగం ఇసక కప్పేసింది. తాడు విప్పబోయినాడు, నీళ్లకు నాని, అది ప్రాణానికి లాగిన లాగుడుకు ముడి రాయైపోయింది, రాలేదు. ఇంటికి పోయి కొడవలి తెచ్చుకోవచ్చు, తెచ్చుకోలేదు. ఎందుకంటే అప్పటికే వంక చూసేదానికి జనం వస్తాండ్రి, తాడు చూస్తే అందరికీ తెలిసిపోతాది. గబగబా ఇసక కప్పి, రాళ్లు పేర్చి, ఎదురొచ్చినోళ్లకు వంక కొట్టుకోనిపోయిందప్పా అని చెప్పె. అందరూ అయ్యో పాపం అనిరి. సుంకమ్మ ఆ రోజంతా ముద్ద ముట్టలేదు. వన్నూరప్ప ముట్టినాడు, ముట్టకపోతే అడుగుతారని ముట్టినాడు.

ఇంగ అప్పటినుంచి మొదలైంది. పొద్దుమునిగే యాళకు ఆ మాను కింద గుర్రం మీద పోతే ఎనకాల సద్దు, టప్పు, టప్పు అని, ఈడ్చుకుంటా. తిరిగి చూస్తే ఏమీ ఉండదు. మన కిందున్న గుర్రం మాత్రం నడక మర్చిపోయి తడబడి పడేస్తాది. ఒకనికి చెయ్యిరిగె, ఇంగొకనికి పళ్లు రాలె. వంకలో పోయిన దెయ్యమని నిమ్మకాయలు కోసిరి, కోడిని కోసిరి. దెయ్యానికి కోడెందుకు, గడ్డి తినేదానికి? ఆ సద్దు ఏందో తెలిసినోడు ఊరు మొత్తానికి ఒక్కడే, వాడు నోరు తెరవడు. పావురాయి ఆడికొస్తే కాలు కదపదు, మాను తిక్కు చూసి సకిలిస్తాది. అందుకని కోనాపురం పోవాల్నంటే వన్నూరప్ప కొండ చుట్టుదావ పట్టె, దావ బాగలేదబ్బా అని అందరికీ అబద్ధం చెప్పె.

ఎన్నాళ్లు చుట్టు తిరుగుతావు? కూతురు తిప్పమ్మ తొలికాన్పుకు పుట్టింటికొచ్చింది. పొద్దున నొప్పులు మొదలైనాయి, మధ్యాన్నం దాటె, బిడ్డ రాదు. మంత్రసాని బయటికొచ్చి చేతులు కడుక్కుంటా, బిడ్డ అడ్డం తిరిగింది వన్నూరప్పా, దీపాలు పెట్టే యాళకు కోనాపురం చేరితే ఇద్దరు, లేకపోతే ఒక్కరూ లేరు, అని చెప్పె. బండి మాట ఎత్తినోన్ని ఆయమ్మే తిట్టె, ఆ కుదుపుకు దావలోనే పోతాది అనె. ఇంగేముంది, పావురాయి మీద పరుపేసి, తిప్పమ్మను ఒరిగి కూర్చోబెట్టి, ఎనక సుంకమ్మ ఎక్కి కూతుర్ని వాటేసుకునె, వన్నూరప్ప కళ్లెం పట్టుకోని పక్కన ఉరికె. ముసలిదైనా ఏం నడక అది! తిప్పమ్మ మూసుకున్న కండ్లు మూసుకున్నట్టే ఉన్నాయి, ఒక్క కుదుపు లేదు.

చుట్టుదావ కాడికి వచ్చిరి. అటు పోతే చేరేలోపల అంతా అయిపోతాది. ఏమయ్యా నిలబడ్డావు, నేరుగా పద, అని సుంకమ్మ అరిచె. పోయిరి. మాను కింద పావురాయి నిలబడిపోయె.

వన్నూరప్ప లాగె, బతిమాలె, పుట్టినాక ఎన్నడూ కొట్టనోడు కళ్లెం వారుతో కొట్టె. కదల్లేదు. పొద్దు కొండమీద కూర్చోనుంది. తిప్పమ్మ, నాయనా, నేను సచ్చిపోతానా నాయనా, అని అడిగె. ఆ మాటకు జవాబు చెప్పేలోపల ఎనక సద్దు, టప్పు, టప్పు. ఏందయ్యా అది, అని సుంకమ్మ. అప్పుడు ఆ మనిషి కూలబడి ఏడిచి చెప్పేసినాడు, మే, అది గువ్వ, నేనే తాడు కట్టినా, కట్టి ఓళిగలు తినేదానికి పోయినా, తాడుతోనే పూడ్చిపెట్టినా, అని. సుంకమ్మ మొగుని మొగం చూసింది, కూతురి మొగం చూసింది. తిట్టేదానికి నాకిప్పుడు పొద్దు లేదు, పోయి విప్పు, అనె.

పోయినాడు. కండ్లకేమీ కనపడలేదంట, ఆయప్పే చెప్పినాడు తర్వాత, తడిసిన గుర్రం వాసన మాత్రం వచ్చిందంట. మోకాళ్ల మీద కూర్చోని చెయ్యి చాపితే చల్లటి ఎంట్రుకలు తగిలినాయి, తాడు తగిలింది, ముడి తగిలింది, అట్లే రాయి మాదిరి. లాగితే బిగుస్తాది గదా, అది కాలియ్యాల. కట్టినోనికి ఎందుకిస్తాది? నువ్వైతే ఇస్తావా? ఆయప్ప రెండు చేతులూ నేలకు ఆనించి, కాలియ్యి తల్లీ, అనె. ఏమీ లేదు. కాలియ్యి తల్లీ, నా బిడ్డ ఆడుంది, నీకు తోబుట్టువు మాదిరి పెరిగింది, నన్ను నువ్వేమైనా చెయ్యి, కాలు మాత్రం ఇయ్యి, అనె. అప్పుడు మెల్లగా భుజం మీద బరువు పడింది. తల్లి మాదిరే ఒళ్లు వాల్చి ఆనుకుంది. ముడి వదులైంది.

కుడిపక్కది విప్పె, ఎడమపక్కది విప్పె. చేతుల్లోనుంచి కాళ్లు జారిపోయినాయి, ఆ ఇసకలో ఒక సద్దు పుట్టింది చూడండి, టక టక టక టక. నాలుగు కాళ్లు, ఒకదాని ఎనక ఒకటి, ఎవరూ నేర్పని నడక. ఉన్నదప్పా దానికి, ఎప్పట్నుంచో ఉన్నది, ఈయప్పే ఉండనియ్యలేదు. పావురాయి చెవులు నిక్కించి ఒక్క సకిలింపు సకిలించి, ఆ సద్దు ఎనకాలే పోయింది, కళ్లెం పట్టేటోడు లేకుండానే పోయింది, ముందర టక టక, ఎనక టక టక, దీపాలు పెట్టే యాళకు ఆసుపత్రి వాకిట్లో నిలబడింది. తిప్పమ్మకు ఆడపిల్ల పుట్టె, తల్లీబిడ్డా బాగుండ్రి. మన నడిమింటి అవ్వ ఉండె చూడు, ఆమే ఆ బిడ్డ.

వన్నూరప్ప? వచ్చినాడు, మర్నాడు పొద్దున వచ్చినాడు. అంతసేపెందుకంటే, నడవలేక. ఎడమచెయ్యీ ఎడమకాలూ కలిసి పోతాయి, కుడిచెయ్యీ కుడికాలూ కలిసి పోతాయి, అడుగు జానెడు కూడా పడదు, టప్పు, టప్పు. డాక్టరు కాళ్లు నొక్కి చూసి, ఎముక బాగుంది, నరం బాగుంది, ఏం పెద్దాయనా ఆట పట్టిస్తాండావా, అనె. తిరిగొచ్చేటప్పుడు సుంకమ్మ ఆ మాను కింద ఇసకంతా ఎతికింది, ఏమీ దొరకలేదు. ముడి విప్పినావు సరే, తాడేదయ్యా, అని అడిగింది. ఆయప్ప తన కాళ్ల తిక్కు చూసుకునె. నిజమే గదా, ముడి విప్పితే తాడు యాడికి పోతాది, యాడికో ఒకచోటికి పోవాల గదా.

సచ్చేదాకా అట్లే నడిచినాడు. సుంకమ్మ తిట్టల్లని దాచిపెట్టుకున్న తిట్లన్నీ ఒక్కటీ తిట్టలేదు, రోజూ మాపున ఆముదం కాచి ఆయప్ప కాళ్లకు పట్టించింది. ఆ ముడి మాత్రం ఎంతమంది అడిగినా ఎవరికీ నేర్పనని ఒట్టు పెట్టుకున్నాడు, నేర్పకుండానే పోయినాడు. మంచిపనే చేసినా అనుకున్నాడు పాపం.

ఇంగ ఇప్పుడు ఆ మాను కింద గుర్రం సద్దు లేదు. రెండు కాళ్ల సద్దే ఉంది, టప్పు, టప్పు అని, ముసలోడు నడిచినట్ల. మంచి మనిషి, ఎవరినీ పడెయ్యడు, చెయ్యి చేసుకోడు. దగ్గరికొచ్చి నిలబడి, కాలిస్తా, విప్పండి నాయనా, అంటాడంతే. విప్పిందాకా కదలడు, కదలనియ్యడు. ఆ ముడి మీకు వస్తాదా? నాకైతే రాదు. వచ్చేటోళ్లుంటే పోండి, ఎవరు వద్దన్నారు. రానోళ్లు ఇంటికి పోయి సంగటి తిని పండుకోండి, ఆ మోటరుసైకిలోడు కూడా.