చివకని గుడ్డ

ఇన్వర్‌నెస్‌కు ఉత్తరాన, వేళ్ళ నుంచి కొమ్మల దాకా నాచు కప్పుకున్న పాత ఓక్ అడవి. మే నెల మొదటి ఆదివారం, పొద్దున. చెల్లెలు రోనా ముందు నడుస్తోంది. ఎప్పుడెప్పుడు వెనక్కి తిరుగుదామా అని చూస్తూ అక్క ఎల్స్‌పెత్ వెనక నడుస్తోంది.

"చెప్తున్నా కదా రోనా, పోదాం పద. చినుకులు మొదలయ్యాయి."

"ఈ అడవిలో చినుకు పడని రోజెప్పుడక్కా? ఊట దాకా వెళ్ళి, నా గుడ్డ ఒకసారి చూసుకుని వచ్చేద్దాం."

"చూడ్డానికేముంది అందులో? గుడ్డ గుడ్డే."

"నువ్వు కట్టి మూడేళ్ళయింది. జబ్బు మనిషి గుడ్డ చింపి, ఊటలో తడిపి చెట్టుకి కడితే, అది చివికేకొద్దీ జబ్బు పోతుందని అమ్మ చెప్పలేదూ? నాకు మాటొచ్చింది గానీ పాట రాలేదు. ఎంత చివికిందో చూస్తే తెలుస్తుందిగా."

"పాట వస్తుందో రాదో నీ గొంతులో కాయలు కోసి తీసేసిన డాక్టరే చెప్పలేకపోయాడు. పాత గుడ్డ చెప్తుందా?"

"నమ్మకం లేకపోతే ఎందుకు కట్టావు?"

"నువ్వు ఏడుస్తున్నావని కట్టాను. చూసి నడువు, జారుతుంది."

"నువ్వు చూసి నడువు. ఆ రాయి మీద కాలు పెట్టకు. మంచివాళ్ళ గుమ్మం అది. కంటికి కనపడని ఆ మాయలవాళ్ళు, తొక్కితే ఊరుకోరు."

"నాకు చెప్తున్నావా? నీకంటే ముందు అమ్మ నాకే చెప్పింది. ఆ రాయి మీద పడుకున్న పాటగత్తె కథా నాకే ముందు చెప్పింది. లేచేసరికి మంచివాళ్ళు ఆమె గొంతు ఎత్తుకెళ్ళి నాచు కింద దాచేశారని..."

"ఆ పాటగత్తె పాట కూడా నీకే ముందు నేర్పింది. తెలుసక్కా."

"నాకు అమ్మ నేర్పింది. నీకు నేను నేర్పాను. పతకం నీకొచ్చింది."

"మళ్ళీ మొదలెట్టావా?"

"మొదలెట్టడమేంటి, ఉన్నమాటేగా. ఓబన్‌లో పాటల పోటీలో నీ మెడలో పతకం వేస్తుంటే నేను మొదటి వరుసలో నీ కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా. పక్కావిడ అడిగింది, మీరూ పాడతారా అని. అబ్బే, నేను కోటు పట్టుకుంటానన్నా. ఎంత నవ్విందో."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"నువ్వెప్పుడడిగావు?"

"సర్లే. ఇదిగో ఊట వచ్చేసింది. అబ్బో, ఎన్ని గుడ్డలో. ఈ మేజోడు చూడు, సగం నాచైపోయింది. నాది ఏ కొమ్మకి కట్టావు?"

"గుర్తులేదు."

"గుర్తులేకపోవడమేంటి? ఊట చుట్టూ ప్రదక్షిణం మూడుసార్లు, నోరు మెదపకుండా చేశానని నువ్వే చెప్పావుగా."

"చేశానే. మూడేళ్ళయింది, ఈపాటికి రాలిపోయుంటుంది. రాలిపోతే మంచిదేగా. పద, ఇంటికెళ్ళి టీ తాగుదాం."

"నా తలగడ గలీబు చింపిచ్చా. తెల్ల నూలుది, నీలం అంచు. ఇటు లేదు. ఇటూ లేదు."

"రాలిపోయిందన్నానా."

"అక్కా, ఇలా రా."

"ఏంటి?"

"ఈ పసుపుపచ్చది చూడు. నిన్న కట్టినట్టుంది. నైలాను. ఇది నా వానకోటుది కదూ? ఎక్కడో పారేసుకున్నాననుకున్న కోటు."

"అలాంటి కోట్లు ఊళ్ళో సగం మందికున్నాయి."

"ఈ ఎర్రదారం కుట్లు నావి. కంచెకి పట్టి చిరిగితే నేనే కుట్టుకున్నా. చూడు, ఎంత వంకరగా ఉన్నాయో."

"ఆరోజు నీ నూలు గుడ్డ దారిలో పడిపోయింది. నువ్వు మా ఇంట్లో మర్చిపోయిన కోటు చేతిలో ఉంది. అదీ నీదేగా అని..."

"కత్తెర కూడా చేతిలోనే ఉందా?"

"రోనా."

"నైలాను చివకదని తెలీదా నీకు?"

"తెలుసు."

"తెలిసే కట్టావా?"

"తెలిసే కట్టాను, చాలా? నిన్ను చూసి ఓర్వలేక కట్టాను. అమ్మ పోయే రోజు నేను తల నిమురుతూ కూర్చుంటే, నిన్ను పిలిచి పాడించమంది. నాకూ ఆ పాట వచ్చుగా అంటే, నీకు రాదని కాదే, దానిది వినాలనుందీ అంది. నీ గొంతు పోయిందని తెలిసిన రోజు ఇంటికెళ్ళి కడుపునిండా తిన్నాను. అదీ మీ అక్క."

"చాలు, ఇంక చెప్పకు."

"విప్పేద్దామని మూడుసార్లొచ్చాను. విప్పినవాళ్ళకి ఆ జబ్బు అంటుకుంటుందిగా. ముడి దాకా చెయ్యి పోయేది, భయమేసి ఇంటికి పోయేదాన్ని."

"ఆ చెయ్యి తియ్యి. దాని జోలికి వెళ్ళకు."

"అంటుకోనీ. పోవడానికి నా గొంతులో ఏముంది?"

"అక్కా, ముట్టుకోవద్దంటున్నానా..."

"ఇదిగో, వచ్చేసింది. ముడి మాత్రం గట్టిగా వేశానే. ఇక నీ జబ్బు నాది. అక్టోబరు పోటీకి నీ పేరివ్వు."

"నీకేమీ అంటుకోదు."

"ఎందుకంటుకోదు? అమ్మ మాట అబద్ధమా?"

"అందులో జబ్బుంటే కదా అంటుకోవడానికి. నా పాట నాకొచ్చి రెండేళ్ళయింది."

"ఏంటే నువ్వనేది?"

"కారు అద్దాలెత్తుకుని ఒక్కదాన్నే పాడుకుంటున్నా. ఇవాళ ఆ గుడ్డ చివికి కనిపిస్తే, నువ్వు కట్టబట్టే పాటొచ్చిందని చెప్దామనుకున్నా. అలా చెప్తే ఈసారి పతకంలో నీకూ వాటా ఉన్నట్టుంటుందని."

"రెండేళ్ళు నోరు మూసుకుని ఎలా ఉన్నావే? నాకెందుకు చెప్పలేదు?"

"పతకం వచ్చిన రోజు నుంచి గొంతు పోయేదాకా నువ్వు నా గడప తొక్కలేదక్కా."