కొసరి పెడితే తినని పాము

మర్గిలాన్ ఊళ్ళో ఒక ఇంటి వసారా. కోడలి మరిది దోనియోర్ పెంచుకునే కొండచిలువ పిల్ల గాజుపెట్టె ముందు అత్తగారూ, ఈమధ్యే కాపురానికొచ్చిన కోడలూ కూర్చున్నారు.

"తినవే తల్లీ, చచ్చిన ఎలుకను వెచ్చబెట్టి మరీ తెచ్చాను."

"ఆ పటకారు ఆడించడం ఆపి అవతలికి రండత్తయ్యా."

"ఇంటికొచ్చిన ప్రాణిని ఒంటరిగా తినమని పోతామా? మా ఇంటావంటా లేదు."

"అదేమన్నా చుట్టమా?"

"గడప దాటి వస్తే చుట్టమే. ఇప్పుడూ తినకపోతే దోనియోర్ సాయంత్రం నోరు తెరిచి కుక్కుతాడట. కిందటిసారి చిగుళ్ళు నెత్తురయ్యాయి. నేను చూడలేను."

"పొద్దుటినుంచీ మీరూ, మామయ్యా, పక్కింటివాళ్ళూ దాని నోటివంకే చూస్తున్నారు. అట్లా చూస్తే ఎవరికి దిగుతుంది?"

"నీకెట్లా తెలుసు?"

"వచ్చిన కొత్తలో నాకూ దిగలేదు. ఇంకో ముద్ద, ఇంకో ముద్ద అంటూ అందరూ నా చేతివంకే చూసేవారు. రొట్టెముక్క దాచుకుని కొట్టంలో తినేదాన్ని."

"అందుకా? ఆవు మీద అంత ప్రేమేమిటా అనుకున్నాను."

అత్తగారు ఎలుకను పెట్టెలో వదిలి, తన శాలువా తీసి పైన కప్పింది. ఇద్దరూ ద్రాక్షపందిరి కిందికి పోయి చాయ్ తాగి వచ్చారు. శాలువా ఎత్తితే ఎలుక లేదు. పాము మెడ దగ్గర లావుగా ఉబ్బింది.

"తినేసింది. ఇన్నాళ్ళూ నేనే అడ్డమన్నమాట."

"ప్రేమకొద్దీ కూర్చున్నారులెండి."

"నీకు పలావు వంటింట్లో పెడతాను. తలుపేసుకుని తిను, ఎవరినీ రానివ్వను."

"వద్దత్తయ్యా, ఒక్కదాన్నే తినలేను. మీరూ కూర్చోండి. నా చేతివంక మాత్రం చూడకండి."