కేబినెట్ తాళం

వేల్స్‌లో ఒక పల్లెటూరు, 2016 అక్టోబరు. రిటైరైన డాక్టరు చలపతి, ఆయన భార్య శాంత వంటింట్లో కాఫీ దగ్గర కూర్చున్నారు. చలపతి తుపాకీ సర్టిఫికెట్ రిన్యూ చెయ్యాలా వద్దా అని చూడ్డానికి పదకొండింటికి పోలీసుల తరపున ఆఫీసరు వస్తాడు. ఇద్దరికీ అలసటగానే ఉంది, ఒప్పుకోరు అంతే.

"మళ్ళీ చెప్పు శాంతా. ఆ ఆఫీసరు తాళం ఎక్కడుందని అడిగితే?"

"తెలీదంటాను."

"అంత గబుక్కున అనకు. పాఠం అప్పజెప్పినట్టుంది."

"ముప్ఫై ఐదేళ్ళుగా అప్పజెబుతూనే ఉన్నా. ఇంకెలా ఉంటుంది?"

"చట్టం శాంతా. తుపాకి ఉంచే ఇనప కేబినెట్ తాళంచెవి ఎక్కడుందో సర్టిఫికెట్ ఉన్నవాడికి తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. పెళ్ళానికి తెలిసినా సరే, తుపాకి పట్టుకుపోతారు."

"తెలుసు లెండి."

"ఏం తెలుసు?"

"చట్టం తెలుసు. కాఫీ తాగండి, చల్లారిపోతోంది."

"మనల్ని చూసే డాక్టరు నా గురించి పోలీసులకి ఉత్తరం పంపాడట. చూపు బాగానే ఉందని రాశాడో లేదో."

"ఈసారికి వదిలెయ్యకూడదూ? డెబ్బై మూడొచ్చాయి. కుడి కన్ను ఆపరేషనయింది. పోయినేడాదంతా కలిపి కొట్టింది ఒక్క కుందేలు."

"రెండు."

"రెండోది ఏ కారు కిందో పడి చచ్చింది. కడిగి వండినదాన్ని నేను. ఒక్క సీసపు గుండు లేదు దాంట్లో."

"నీకన్నీ కావాలి."

"కావాలి మరి. మా పుట్టింట్లో కోడిగుడ్డు మాటెత్తితే పెద్దాళ్ళు లేచి వెళ్ళిపోయేవాళ్ళు. మిమ్మల్ని చేసుకున్న పాపానికి ఈ సింకులో ఎన్ని పావురాల ఈకలు పీకానో. వద్దన్నానా ఒక్కసారైనా?"

"అనలేదు."

"మరి నేను విసిగిపోయానంటే ఒక్కసారి వినొచ్చుగా."

"మా నాన్న కొల్లేట్లో దోనె మీద బోర్లా పడుకోబెట్టి, బాతుల మీద గురి చూడ్డం నేర్పినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అప్పట్నించీ..."

"ఆ కథ నాకూ వచ్చు."

"వస్తే విను. ఈ ఊరొచ్చిన కొత్తల్లో నా క్లినిక్కులో డాక్టర్ అనేవాళ్ళు, బజార్లో కనపడితే అవతలి పక్కకి దాటేవాళ్ళు. ఆ రైతు హ్యూ తన పొలంలో పావురాలు కొట్టడానికి రమ్మన్నాక గదా పేరు పెట్టి పిలిచారు. పబ్‌లో జరిగి చోటిచ్చారు. తుపాకి పోతే మళ్ళీ నేనెవరు ఇక్కడ?"

"హ్యూ పోయి మూడేళ్ళయింది. పబ్ మూసేశారు. శనివారం శనివారం ఒక్కరే వెళ్ళి ఆ పొలం కంచె దగ్గర నిలబడి వస్తున్నారు. నాకు తెలీదనుకుంటున్నారా?"

"నిలబడ్డానికైనా ఒక వంక ఉండాలి కదే."

"ఆ కప్పు ఇలా ఇవ్వండి."

"సరే, టైమవుతోంది. తాళం ఎక్కడుందని అడిగితే?"

"పాత బీపీ మిషన్ డబ్బాలో, గుడ్డ మడత కింద."

"ఏమిటీ?"

"అదే చెబుతాను ఆయనతో. ఈసారి తెలీదనను."

"నీకెవరు చెప్పారు?"

"దుమ్ము దులిపేదాన్ని, ఎవరో చెప్పాలా? ఈ ఇంటికొచ్చిన మొదటి ఏడే చూశాను."

"ఇన్నేళ్ళూ... మరి ఒక్క మాటైనా..."

"తెలుసంటే మీ సర్టిఫికెట్ పోతుందన్నారుగా. మింగి ఊరుకున్నాను."

"ఇంకేం మింగావు?"

"వద్దు లెండి."

"చెప్పు."

"ఆ పసిదాని కేసు. మామూలు జ్వరమేనని మీరు ఇంటికి పంపిస్తే, తెల్లారేసరికి పోయిన పిల్ల."

"అదెందుకు ఇప్పుడు?"

"ఎంక్వైరీ జరిగిన రోజులు. మీరు అన్నం తినలేదు. మెట్ల కింద ఆ కేబినెట్ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవాళ్ళు. మీరేం చేసుకుంటారోనని భయమేసింది. తాళంచెవి తీసి బియ్యం డబ్బాలో దాచాను."

"నువ్వా తీసింది."

"నేనే. మర్నాటి నించీ వెతకడం మొదలెట్టారు. మూడు రోజులు. సోఫా దిండ్లెత్తారు, నా చీరల అర కూడా లాగారు. నేనిక్కడ నిలబడి వంకాయలు తరుగుతూ చూశాను."

"తల ఎత్తలేదు నువ్వు."

"ఎత్తితే ఏడుస్తానని. ఏం వెతుకుతున్నారని అడిగితే తాళమని చెప్పాలి మీరు. నాకు తెలుసని బయటపడుతుంది. అంత కష్టంలో తుపాకి కూడా పోతే మీకింక ఏం మిగలదనుకున్నాను. పిచ్చిదాన్ని."

"తర్వాత?"

"మీ తప్పేం లేదని ఉత్తరం వచ్చింది కదా, ఆ సాయంత్రం మళ్ళీ బీపీ మిషన్ డబ్బాలో పెట్టేశాను. నాలుగేళ్ళయింది. ఎవరికీ చెప్పుకోలేదు. నా జన్మలో నేను చేసిన మంచి పని అదొక్కటే అనుకుంటూ ఉంటాను. ఆ తాళం దాచబట్టే మీరు నాకు దక్కారని."

"శాంతా."

"ఊఁ."

"కేబినెట్ కొన్నప్పుడు రెండు తాళంచెవులిచ్చారు."

"రెండా?"

"రెండోది ఎప్పుడూ నా పర్సులోనే ఉంది. ఆ మూడు రోజులూ ఉంది."

"మరి ఇల్లంతా దేనికి వెతికారు?"

"ఏం వెతుకుతున్నారని నువ్వు అడుగుతావేమోనన్న ఆశతో."