హొసకోటెలో మురుగుమేడ

"నేను చేసిందల్లా ఒక్క గోడ పడగొట్టించడం, అంతే. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు," అన్నారు పద్మనాభం గారు, వేడి టీ గ్లాసుని అంచు దగ్గర పట్టుకుని.

బెంగళూరు మారతహళ్ళిలో ఒక అపార్టుమెంటు గేటు పక్కన ఓబళప్ప టీకొట్టు. ఆరింటికి లోపల అసోసియేషన్ మీటింగుంది. కొత్త మురుగునీటి శుద్ధి ప్లాంటు ఎక్కడ కట్టాలో చేతులెత్తి తేల్చాలి. నేల వాలు అటే కనక తూర్పు మూల అనుకున్నారు. గ్రౌండ్ ఫ్లోర్‌లో సత్యభామ గారి వంటింటి కిటికీ తెరుచుకునేది ఆ మూలకే. ఆవిడ భర్తకి ఆయాసం, పగలంతా ఆ కిటికీ దగ్గరే కుర్చీ వేసుకుంటారు. ప్లాంటు డిజైను గీసిన శామ్యూల్ అదే అపార్టుమెంటులో ఉండే కుర్ర ఆర్కిటెక్టు. అతను ల్యాప్‌టాప్ తెరిచి ఆవిడకి బొమ్మ చూపిస్తుంటే, తొమ్మిదో అంతస్తు పద్మనాభం గారు మధ్యలో అందుకున్నారు. ఆయన బొమ్మసంద్రలో పంపుల కంపెనీలో సేల్స్ మేనేజరుగా రిటైరయ్యారు. భార్య లక్ష్మీదేవి గారు పక్కనే బన్ను టీలో ముంచుకు తింటున్నారు.

"హొసకోటెలో ఒక ప్లాంటు, సత్యభామ గారూ. మన శామ్యూల్ గీసినట్టే అద్దాల గోడలు, మెట్టతామర మడులు, పైన చదువుకునే గది. అన్నీ ఉన్నాయి, మనిషన్నవాడు రాడు. ఎందుకొస్తాడు? చుట్టూ జైలు గోడ! నేను పంపులు బిగించడానికి వెళ్ళి, ఆ గోడ తీసేసి ఒక అరుగు కట్టండయ్యా అన్నాను. కట్టారు. మర్నాడు ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కంపుకి లేచి పాయనా సార్?" అన్నాడు ఓబళప్ప టీ వడగడుతూ.

"కంపా! ఆ మాటే ఆ ఊళ్ళో మర్చిపోయారయ్యా. పెద్దాయన వెనకాల వాకింగువాళ్ళు వచ్చారు, వాళ్ళ వెనకాల కాలేజీ పిల్లలు, వాళ్ళ వెనకాల పానీపూరీ బండి. ఊళ్ళో పార్కు వెలవెలబోయింది. వాసన సంగతి ఎత్తావు కనక చెప్తున్నా, అక్కడ మల్లెపూలమ్మే ఆవిడ గంప ఎత్తేసింది. ఎందుకు? గాలే అంత పరిమళంగా ఉంటే పూలు ఎవరు కొంటారు!"

"మురుక్కి పరిమళమా!" సత్యభామ గారు నోరు తెరిచారు.

"ఇంకా నీళ్ళ సంగతి వినలేదు మీరు. ఎంత తేట అంటే, ఒక ఇంజనీరు తొట్టి ఖాళీగా ఉందనుకుని బూట్లతో సహా దిగి నిలువునా మునిగాడు. పైకి లాగాం. పాపం చిన్నప్పటి నుంచీ సైనసు ఆయనకి. లాగేసరికి లేదు!"

"లేదా?"

"మచ్చుకైనా లేదు. మీవారికి ఆయాసం అంటున్నారే, ప్లాంటు వచ్చాక ఆ కిటికీ దగ్గర ఒక్క నెల కూర్చోనివ్వండి. మెట్లమీద పరిగెత్తుకుంటూ మా ఇంటికి కాఫీకొస్తారు."

శామ్యూల్ గొంతు సవరించుకున్నాడు. "అంకుల్, అలా ఏం..."

"నువ్వుండవయ్యా, నీ ప్లాంటు గురించే కదా చెప్తున్నా. ఆ తర్వాత అక్కడే పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. ముందు ప్లాంటు దొరుకుతుందో లేదో కనుక్కుని, అప్పుడు పురోహితుడి దగ్గరికి ముహూర్తానికి వెళ్ళేవాళ్ళు. మగపెళ్ళివారు అలిగారంటే ఒకటే కారణం, విడిది ప్లాంటుకి దూరంగా ఇచ్చారని! బాగానే ఉంది కదా. అప్పుడొచ్చిందండీ అసలు ఆపద. ప్లాంటు ఎంత బాగా పనిచేసిందంటే, ఊళ్ళో మురుగంతా అయిపోయింది."

ఓబళప్ప టీ వడగట్టడం ఆపేశాడు. "అయిపోయేదేంది సార్? అదేమన్నా పాలా?"

"అయిపోయిందయ్యా! మురుగుని తినేది సూక్ష్మజీవులే కదా శామ్యూల్?"

"అవునంకుల్, బ్యాక్టీరియా. కానీ..."

"విన్నారా! మొదట్లో పేడా బెల్లమూ వేసి పసిపిల్లల్లా సాకుతారు వాటిని. అలాంటివి ఆకలికి అలమటించిపోతున్నాయి. తొట్టి దగ్గర నిలబడితే గుయ్యిమని ఏడుపు! నా కడుపు తరుక్కుపోయింది. ఏం చేశానో తెలుసా? ఆటోకి మైకు కట్టించి ఊరంతా చాటించాను. 'మహాజనులారా, మూడు పూటలా పుష్టిగా భోంచెయ్యండి, ప్లాంటు మీ మీదే ఆశ పెట్టుకుంది!' అని. ఇంటింటికీ రాగి సంగటి, అరటిపళ్ళు, కుండల్తో మజ్జిగ. జనం తిన్నారు. తిని, ఎవరి కర్తవ్యం వాళ్ళు నెరవేర్చారు. అయినా చాల్లేదు!"

"చాల్లేదా!" సత్యభామ గారి చెయ్యి గుండెల మీదికి వెళ్ళింది.

"ఎక్కడ చాలుతుందండీ, మన ప్లాంటు ఆకలి అలాంటిది. చివరికి బెంగళూరు నుంచి ట్యాంకర్లలో తెప్పించాం. పొలిమేర దగ్గర నాదస్వరం, డోలు. ముత్తయిదువులు పళ్ళేలతో ఎదురొచ్చి హారతిచ్చారు."

"ఆ ట్యాంకరుకా సార్! హారతి!" ఓబళప్ప రెండు చెవులూ పట్టుకుని, "శివశివా, ఇంగేమేం వినాల్నో," అన్నాడు.

"ట్యాంకరుకి అనుకుంటున్నావా? డ్రైవరుకి శాలువా కూడా కప్పాం. సరే, ప్లాంటు పక్కన ఇళ్ళ సంగతేమైందో తెలుసా సత్యభామ గారూ? మీరు వినాల్సింది అదే. అటు కిటికీ ఉన్న ఇంటి కోసం సొంత అన్నదమ్ములు కోర్టుకెక్కారు. కిటికీ లేనివాళ్ళు గోడలకి కన్నాలు పెట్టుకున్నారు. ఒక మామ్మగారు పోతూ పోతూ ఇల్లు కూతురికీ, కిటికీ కొడుక్కీ రాసి పోయింది!"

"కిటికీ విడిగానా!"

"మరి గిరాకీ అలాంటిది. అలాంటి అదృష్టం నడుచుకుంటూ మీ వంటింటి దాకా వస్తుంటే మీరు తలుపేస్తున్నారు. మీ చోట నేనుంటేనా, ఈపాటికి కొబ్బరికాయ కొట్టుండేవాణ్ణి."

సత్యభామ గారు గ్లాసు బల్ల మీద పెట్టారు.

"నిజమే అన్నయ్యగారూ, నా కళ్ళు తెరిపించారు. ఇంత అదృష్టం నేనొక్కదాన్నే అనుభవించడం న్యాయం కాదు. మీ ఇల్లూ మా ఇల్లూ ఒకే కొలత. మార్చుకుందాం. మీరు కిందికి రండి, మేం తొమ్మిదో అంతస్తుకి పోతాం. మీటింగులో ఆ ఒక్క మాట చెప్పండి, ప్లాంటుకి మొదటి చెయ్యి నాదే."

పద్మనాభం గారు కొంచెం వెనక్కి జరిగారు. "అబ్బే, మీవారికి ఆయాసం కదమ్మా, లిఫ్టు చెడితే..."

"ఆయన దిగనే దిగరు లెండి. మీకేమో మోకాళ్ళ నొప్పులు. కిందిల్లు హాయి."

"అది కాదమ్మా, ఒకరికి రాసిపెట్టింది ఇంకొకరు లాక్కోవడం..."

"నేనే ఇస్తున్నాను కదండీ. వదినగారూ, రేపు మంచిరోజేనా?"

లక్ష్మీదేవి గారి చేతిలోని బన్ను జారి టీలో పడింది. "ఏమండీ! ఆ కంపు పక్కన నేను కాపురం చెయ్యను! ముందే చెప్తున్నా!"

గేటు దగ్గర వాచ్‌మన్‌తో సహా అందరూ నవ్వుతూ పద్మనాభం గారి వైపు చూశారు. ఆయన టీ గ్లాసులోకి చూస్తున్నారు. గ్లాసు ఎప్పుడో ఖాళీ అయింది. శామ్యూల్ ఒక్కడే నవ్వలేదు. ఏడాదిగా గీస్తున్న బొమ్మ, ఇంకాసేపట్లో ఓటు.

"ఇప్పుడు నువ్వు చెప్పు బాబూ," అన్నారు సత్యభామ గారు. "వాసనొస్తుందా, రాదా?"

"మొదట్లో కొన్ని వారాలు వస్తుందాంటీ. తర్వాత సరిగ్గా నడిపితే రాదు. కరెంటు పోయి, తొట్టిలోకి గాలి కొట్టే బ్లోయరు ఎక్కువసేపు ఆగితే మళ్ళీ వస్తుంది. దానికి విడిగా జనరేటరు అడిగాను. కమిటీవాళ్ళు దండగన్నారు."

"వస్తే ఎటొస్తుంది?"

"గాలి ఎటుంటే అటు."

"పైకి?"

"పైకీ వస్తుందాంటీ."

"తొమ్మిదో అంతస్తు దాకా?"

"ఒక్కోసారి."

లక్ష్మీదేవి గారు మొగుడి వైపు తిరిగారు. ఆ చూపుకి ఓబళప్ప ఒకడుగు వెనక్కి వేశాడు.

"అయితే నాదొకటే షరతు," అన్నారు సత్యభామ గారు లేస్తూ. "జనరేటరు లేకపోతే నా చెయ్యి లేవదు. నా గొంతు ఆ కమిటీకి వినపడదు. అన్నయ్యగారి గొంతైతే హొసకోటె దాకా వినిపిస్తుంది."

ఆరింటికి మీటింగు మొదలైంది. పద్మనాభం గారు, లక్ష్మీదేవి గారు ముందు వరసలో కూర్చున్నారు. జనరేటరు అనవసరపు ఖర్చని సెక్రటరీ అనడం ఆలస్యం, లక్ష్మీదేవి గారి మోచెయ్యి కదిలింది. పద్మనాభం గారు దిగ్గున లేచి నిలబడ్డారు.

"ఒకటేం సరిపోతుందయ్యా! రెండు పెట్టాలి!"

వెనక వరసలో సత్యభామ గారు చెయ్యెత్తారు.