ఐస్‌క్రీంల ఈ ఏటి మామిడి

"అమ్మమ్మా, నువ్వు ఐస్‌క్రీంల ఏమేమి వేసేదానివో చెప్పు. దోర్నపాల్‌ల దుకాణం తెరిచేముందు నేర్చుకుంటా."

చెప్తా గని, ముందుగాల తిన్నగ కూసో. ఏంది, ఆ ఫోన్ల నా మాట ఎక్కుతాందా? ఎక్కనీ, దాచుకునేది ఏం లేదు.

పాలు. బర్రె పాలు, నీళ్ళు కలపనివి. నాలుగు సోలలు పోస్తే రెండు సోలలు మిగిలేదాక కాగాలె, గంటెతోని తిప్పుతనే ఉండాలె, లేకుంటే అడుగంటుతయ్. తర్వాత పాలగుండ. బజార్ల తీఖుర్ అంటరు చూడు, అడవిల దుంప తవ్వి, అరగదీసి, నీళ్ళల్ల తేర్చిన తెల్ల పిండి, అదే. ఒక్క గంటెడు సల్లటి నీళ్ళల్ల కలిపి పోస్తే పాలు చిక్కబడతయ్. డబ్బాల కొనే పొడి దీని కాలిగోటికి సరిపోదు. ఇంక చక్కెర. బెల్లం వద్దు, వేడి పాలల్ల పడితే విరుగుతయ్. సారపప్పు, అదే చిరోంజీ, కొంచెం వేయించి దంచాలె. దొడ్డుప్పు. ఉప్పు పాలల్లకు కాదే, బయట ఐసుగడ్డలకు. డబ్బా చుట్టూ ఐసు, ఐసు మీద ఉప్పు, డబ్బాను చేత్తోని తిప్పుడే తిప్పుడు. మా చెల్లె ఒకసారి ఉప్పు పాలల్లనే వేసింది. ఇప్పటికీ ఆ ముచ్చట తీస్తే మూతి ముడుస్తది.

మామిడా? వేస్తం. ఆ మామిడి సంగతి నీకు చెప్పాలె.

మేము ఈ ఊరికి వచ్చి నాలుగేండ్లు... కాదు కాదు, అప్పటికి మీ అమ్మ నడుస్తాంది, ఆరేండ్లు. ఎండాకాలం ఇంటి పెంకలు తిరగేయాలె. ఊళ్ళె దొర్లోళ్ళు, ఈ అడవి జాతోళ్ళు, ఇరవై మంది వచ్చి కప్పిండ్రు. ఇక్కడ అంతే గదా, ఇల్లు కప్పినందుకు కూలి అడగరు, కడుపునిండ పెట్టాలె. నేను గొప్పకు పోయి, అన్నం తర్వాత ఐస్‌క్రీం పెడతా అన్న. సగం మంది దాని పేరే వినలె. మీ తాత దోర్నపాల్ పోయి ఐసుగడ్డను ఊకల పెట్టి, గోనెసంచి చుట్టి, సైకిల్ మీద తెచ్చిండు. అప్పుడు గడ్డ రెండు రూపాయలు. ఇప్పుడు ఆ పైసలకు ఏమొస్తది.

నేనేమో పొద్దున్నే మన పెరట్ల ముందుగ పండిన మామిడి పండ్లు నాలుగు కోసి, రసం పిండి పాలల్ల కలిపిన. తెలుసు గదా, మామిడి పండుం, అదే కొత్త కాయల పండుగ, చేసి దేవునికి పెట్టేదాక వాళ్ళు కొత్త కాయ నోట్ల పెట్టరు. ఆ పండుం ఇంక నాలుగు రోజులుండె. మనకు ఆ పట్టింపు లేదు, నా తలకు తట్టలె. ఆరేండ్లు వాళ్ళ నడుమ బతికి తట్టకపోవుడు తప్పే. తప్పును తప్పనే అనాలె.

అందరికీ ఆకు దొప్పలల్ల పెట్టిన. ఊరి పూజారి మాసయ్య మామ దొప్ప మూతి దాక తెచ్చి ఆగిండు.

"కోడలా, మామిడి వాసనొస్తాంది. ఏ ఏటిది?"

మా వదినె, మీ తాత అక్క, వెనక నుంచి నా కొంగు గుంజుతాంది. "నిరుటి తాండ్ర నానబెట్టి వేసిన అను. పాతదానికి వాళ్ళకు పట్టింపు లేదు. ఎవరు చూసొచ్చిండ్రు?"

నిజమే, ఎవరూ చూడలె. రెండు మాటలతోని అయిపోయేది. కాని ఆ ముసలాయన నన్ను నమ్మి అడుగుతాండు. నా మాట పట్టుకొని తింటే, ఆయన తన దేవుని ముందర తప్పు చేసినోడైతడు.

"ఈ ఏటిదే మామా. పొద్దున కోసిన. తప్పు నాది, ఎవ్వరూ తినకుండ్రి" అన్న.

దొప్పలన్నీ కింద పెట్టిండ్రు. మీ తాత మొకం నల్లబడ్డది. వదినె అయితే, "ఇంక నీ నిజాన్నే దొప్పలల్ల పోసి పెట్టు, తింటరు" అన్నది.

నేను ఎవరినీ లేవనియ్యలె. ఒక్క గడియ ఆగుండ్రి అన్న. మిగిలిన పాలగుండ నీళ్ళల్ల కలిపి, చక్కెర వేసి ఉడికించి, సారపప్పు చల్లి పళ్ళెంల పోసిన. మిగిలిన ఐసు మీద పెడితే గట్టిపడ్డది. ముక్కలు కోసి పెట్టిన. మాసయ్య మామ ముందుగాల తిన్నడు. "మా అడవి దుంపే గద, ఇంత సల్లగ ఎట్ల చేసినవ్" అని రెండో ముక్క అడిగిండు. అప్పుడు అందరు తిన్నరు.

పండుం అయిన తెల్లారి ఆయనే బుట్టెడు పండ్లు మోసుకొని మన ఇంటికి వచ్చిండు. "ఇప్పుడు చెయ్ కోడలా, ఊరందరికి." చేసిన. డబ్బా తిప్పి తిప్పి అరచేతులు బొబ్బలెక్కినయ్. ఆ రోజు నుంచి ఇప్పటిదాక నేను ఏం పెట్టినా, ఇందుల ఏముందని ఊళ్ళె ఒక్కరు అడగలె. వాళ్ళ పెండ్లిళ్ళకు కూడ తీపి చేయ నన్నే పిలుస్తరు. గొప్ప చెప్పుకుంటాంది అనుకో, ఇది చెప్పుకోవాల్సిన గొప్పే.

నీ దుకాణంల ఏం వేస్తవో నీ ఇష్టం బిడ్డా. అడిగినోళ్ళకు మాత్రం ఉన్నదే చెప్పు, ఆ పూట గిరాకి పోయినా సరే. నీ చేతిది ఊరంతా అడగకుండ తినాలె, నువ్వు పిల్లాపాపలతోని నిండుగ బతకాలె. అది చూస్తే నాకు చాలు... ఇంక లే, పొయ్యి ముట్టియ్యి. ఇట్ల మాటలల్ల పడితే పాలు కాగేదెప్పుడు.