తియ్యటి ఉలవకట్టు

“అవ్వా, నెల దినాల నుంచి పరగడుపున నిమ్మకాయ నీళ్లు తాగుతాండా. రోంత కూడా తగ్గల్యా. మీ కాలంలో ఒళ్లు తగ్గనీకి పొద్దున్నే ఏం తాగుతాంటిరి?”

ఒళ్లు తగ్గనీకా? ఓయమ్మా, యాడి మాట పాపా ఇది! ఆ కాలంలో మన దిక్కు ఒళ్లు తగ్గాలంటే ఎవురూ ఏమీ తాగే పనిల్యా. వానదేవుడే చూసుకుంటాండె. రెండేండ్లు ఆయప్ప మొగం చాటేస్తే చాలు, మనుషులు, ఎద్దులు, ఊరకుక్కలు, అందరం ఒగే సైజు. ఇప్పుడు మీరు దుడ్లు పోసి తగ్గుతాండారు. మేము ఉత్తగానే తగ్గినాం.

అయినా ఒగాయప్ప ఉండె తగ్గనోడు. ఎవురనుకున్యావు? మీ తాతే! నవ్వొద్దు. గోడకుండే పటంలో సన్నగుండాడు గదా, అది తర్వాతి సంగతి. నేను పెండ్లయి వచ్చినప్పుడు చూడల్ల ఆయప్పని. బండెక్కితే కాడి పైకి లేచిపోతాండె. రాయదుర్గం మండీకి చెనిక్కాయలు తోలుతాండె గదా, దావంతా మూటలో చెయ్యి పెట్టుకోని వలుచుకోని తినేది. వానలు లేవు, మన మూటలు లేవు అంటే, బాడుగకి ఇంగొకరి మూటలు తోలుతా వాళ్లవి తినేది.

నాది విడపనకల్లు పక్క పల్లె. నన్ను ఈడ గుమ్మఘట్ట దిక్కుకి ఇచ్చినారు. నయాపైసలు కొత్తగా వచ్చిన కాలం. మా నాయన నన్ను దిగబెట్టి పోతా, బండాయప్పతో అణాకి ఎన్ని నయాపైసలని పెద్ద కొట్లాట. నేను ఒగపక్క ఏడుస్తాండా, ఆయన ఒగపక్క లెక్క చెప్తాండాడు... ఏం చెప్తాంటి? ఆ, మొక్కు. మొక్కు సంగతి చెప్పల్ల ముందు.

మీ తాతకి చిన్నప్పుడు చలిజరం వచ్చి పోయేంత పనైందంట. మా అత్త, అంటే మీ తాత వాళ్లమ్మ, మొగుడు పోయిన మనిషి, ఒగే కొడుకు. గుట్టమీద దర్గా ఉండాది గదా, ఆడికి పోయి కొంగు పట్టింది. “స్వామీ, నా కొడుకు బతికితే, వానికి పెండ్లయిన ఏడాది ఉరుసుకి వాని ఎత్తు బెల్లం తూచి పంచుతా” అని. అప్పుడు వాడు చీపురుపుల్ల మాదిరుండె. అప్పుడే తూచింటే రెండచ్చుల బెల్లంతో పోయుండు! పెండ్లయినాక అని వాయిదా వేసుకునింది మహాతల్లి. మొక్కు ఆడ్నే ఉండాది, పిల్లోడు మాత్రం పెరిగిపాయె.

నేను వచ్చేటప్పటికి ఇంట్లో పెద్ద బాన నిండా బెల్లం. హిందూపురం సంత నుంచి ఎన్నాండ్లుగానో తెప్పించి పెట్టింది. ఆరు మణుగులు అంటాండె. నేను కాలు పెట్టిన దినమే మొగున్ని చూసినా, బానను చూసినా. చాలదు అనిపించింది. ఇంగ మా అత్త చూసింది మాత్రం నా కాళ్లని.

కడియాలు పాపా. ఇవే. మా నాయన నన్ను ఇచ్చేటప్పుడు చేయించినాడు, గట్టి వెండి. మా అత్త ఏమనిందో తెలుసునా? “చూడు మే, కరువు కాలం. ఇంగ బెల్లం కొననీకి నా దగ్గర ఏమీ ల్యా. ఉరుసు లోపల వాన్ని ఆరు మణుగులకి తే. తేలేకపోతివా, తక్కువ పడిన బెల్లానికి నీ కడియాలు అమ్ముతా. మొగుడు నీవాడు, బరువూ నీదే.”

ఇదేం న్యాయమే తల్లీ? పెంచింది ఆయమ్మ, తగ్గించల్సింది నేను! సరే, నా కడియాలు యట్ల పోతాయో చూస్తా అనుకున్యా.

ముందు పల్చటి మజ్జిగ తాపినా. చెంబుతో ఇస్తే చాలదని కుండే ఎత్తినాడు. ఎద్దు కుడితి తాగినట్ల. మళ్ల ఎవురో బండాయప్ప చెప్పినాడంట, కాపీ తాగితే ఆకలి చచ్చిపోతాదని. రాయదుర్గంలో హోటలుకి పోయినాడు మీ తాత. కాపీ తాగినాడు. దాంతో బాటు నాలుగు ఇడ్లీలు, ఒగ వడ. ఏమప్పా ఇది అంటే, “ఉత్త కాపీ కడుపులో మండుతాది మే” అన్యాడు. రాగి అంబలి పోసినా. అంబలి తాగి, “బాగుంది, ఇంగ సంగటి పెట్టు” అన్యాడు!

ఆకరికి ఉలవకట్టు. ఉలవలు ఉడకేసి వంచిన నీళ్లు. మీరు ఇప్పుడు చింతపండు, పోపు, మీగడ ఏసుకోని తింటారే, అది కాదు. ఉప్పు ల్యా, కారం ల్యా, ఉత్త కట్టు. నల్లగ, వగరుగ, బురద మాదిరి. మా అవ్వ చెప్తాండె, ఉలవ తింటే గుర్రానికి బలం, మనిషికి కరుగు అని. పొద్దున్నే పెద్ద గలాసు, దాని తర్వాత పొద్దెక్కేదాకా ఏమీ ల్యా. మొదటి దినం ఆయప్ప మొగం చూడల్ల! చంటిపిల్లోనికి ఆముదం తాపినట్ల. రెండో దినం ఏడ్చినంత పని చేసినాడు. నాకు పాపం అనిపించింది గానీ, కాళ్లకుండే కడియాలు గుర్తొచ్చె.

మూడో దినం ఏమైందో తెలుసునా? గటగటా తాగి, మూతి తుడుచుకోని, “రోంత పొయ్యి మే ఇంగా” అంటాడు!

నేను ఉబ్బిపోయినా. నా చేతి మహిమ అనుకున్యా. బాయికాడ ఆడోళ్లకి గూడా చెప్పుకున్యా, మొగున్ని మాట వినేట్ల చేయాలంటే నన్ను అడగండి అని. చిన్నతనం గదా.

అయితే మండీకి పోయినప్పుడల్లా మూటలు తూచే తక్కెడలో కూర్చోని బరువు చూసుకోని వస్తాండె. పోయినసారి కంటే ఎక్కువ, దానికంటే ఎక్కువ. “మండీ తక్కెడ మోసం మే” అంటాండె మీ తాత. రైతుని మోసం చేసే తక్కెడ తక్కువ చూపించల్ల గానీ ఎక్కువ చూపిస్తాదా? నాకు అప్పుడే అనుమానం రావల్సింది.

ఒగ దినం ఆయప్ప సగం తాగినాడో ల్యాదో, కొట్టంలో ఎద్దు పలుపు తెంపుకునింది. గలాసు ఆడ్నే పెట్టి పరిగెత్తినాడు. నాకు ఆకలైతాండె, పారబోసేదెందుకులే అని నోట్లో పోసుకున్యా.

పానకం పాపా, పానకం! శ్రీరామనవమికి గూడా అంత బెల్లం ఏయరు!

నేరుగా బాన కాడికి పోయినా. మూత తీస్తే, మణుగుకి పైనే దిగిపోయి ఉండాది బెల్లం. బాన తగ్గుతాండాది, మీ తాత పెరుగుతాండాడు. ఎనక్కి తిరిగితే మా అత్త, వేళ్లకి ఇంగా బెల్లం అంటుకోనుండాది.

“అత్తా, ఏంది ఇది?” అంటి.

“ఏం చేయల్ల మే! వాడు మొగం చిట్లించుకోని తాగుతాంటే నా పేగు కదిలిపోతాది. తల్లిని గదా.”

“మరి మొక్కు? బెల్లం చాలదే!”

“ఎందుకు చాలదు? నీ కడియాలు ఉండాయి గదా” అనింది, ఉప్పు అయిపోతే పక్కింట్లో ఉండాది గదా అన్నట్ల.

ఊరుకుంటానా? ఆ దినం నుంచి బాన మీద నేనే కూర్చున్యా. ఏం లాభం, ఉరుసు నెత్తిమీదికి వచ్చేసింది.

గుట్ట కింద చింతమానుకి పెద్ద తక్కెడ కట్టినారు. ఊరంతా ఆడ్నే. దర్గా చూసుకునే ముజావరు ఖాదర్ తాత, తెల్ల గడ్డం, నాతో మాట్లాడేటప్పుడు “బిడ్డా” అనేవాడు. మీ తాత ఒగ తట్టలో ఎక్కి కూర్చున్యాడు, పెండ్లికొడుకు మాదిరి. ఇంగో తట్టలో ఉండే బెల్లమంతా పెట్టినారు. తట్ట లేసిందా? లేయల్యా. మీ తాత నేలమీదే. కొమ్మ గూడా కిర్రుమనల్యా. పిల్లోళ్లు కేకలు, ఈలలు.

మా అత్త నా దిక్కు తిరిగి, అందరి ముందర, “తీయ్ మే కడియాలు” అనింది.

నాకు ఎక్కడి ధైర్యం వచ్చిందో. కొత్త కోడలు నోరు తెరవని కాలం. “ఖాదర్ తాతా,” అంటి, “బెల్లం తక్కువ పడల్యా. ఒగ్గ పలం గూడా యాడికీ పోల్యా. అంతా తక్కెడలోనే ఉండాది. రోంత ఈ తట్టలో, మిగతాది ఆ తట్టలో కూర్చోని మీసం దువ్వుకుంటాండాది!”

అని ఉలవకట్టు సంగతంతా చెప్పేసినా. గుట్ట అదిరేట్ల నవ్వినారు జనం. మీ తాత మీసం మీద చెయ్యి తీసేసినాడు. మా అత్త కొంగు నోట్లో కుక్కునింది.

ఖాదర్ తాత మాత్రం గడ్డం నిమురుకోని, “ఏమప్పా, బెల్లం తాగినోడివి నువ్వు. తీర్చేది గూడా నువ్వే. బిడ్డ కడియాలకి దీంతో ఏం పని? ఈ ఉరుసుకి ఉండేది పంచుదాం. మళ్ల ఉరుసుదాకా పొద్దున్నే కింద బాయి నుంచి కావిడితో నీళ్లు మోసి, పైన దర్గా తొట్టి నింపు. తొట్టి నిండినాకే నీ నోట్లోకి ఏదైనా. తక్కువ పడింది నీ ఒంట్లోంచే తీసుకుంటాడు స్వామి” అన్యాడు.

మోసినాడు పాపా! బాయి అడుగంటి ఉండాది, చేదుకోవల్ల, ఎక్కల్ల, దిగల్ల. ఉలవకట్టు చేయలేనిది కావిడి చేసింది. ఏడు తిరిగేసరికి నువ్వు పటంలో చూస్తావే, ఆ మనిషి అయినాడు. ఆ ఉరుసుకి, పోయినేడు పంచిన బెల్లమంత బరువు రాళ్లు ఇంగో తట్టలో పెట్టి కూర్చోబెడితే, ఆయప్ప తట్ట గాల్లోకి లేసింది. ఊరంతా చప్పట్లు. ఏడ్చింది ఒగ్గ మా అత్తే, “నా కొడుకు పుల్లైపోయినాడే” అని.

ఆయమ్మ ఆ ఏడంతా ఊరికే ఉన్యాదనుకున్యావా? కొడుకు గుట్టెక్కుతాంటే ఎనక చెంబు పట్టుకోని పోయేది, దప్పికైతాదేమోనని. చెంబులో ఏముండు? పానకమే! బెల్లం యాడ్నుంచి తెస్తాండెనో ఆ స్వామికే తెలియల్ల. నేను గుట్ట కింద కాపు కాసి చెంబు గుంజుకుంటాంటి. గుంజుకుంటే పారబోయల్ల గదా? కరువు కాలం, బెల్లం పారబోస్తే కండ్లు పోతాయి. నేనే తాగుతాంటి. రోజూ.

దానికేమైంది? మీ తాత తగ్గిన కాడికి నేను పెరిగినా. ఇంగ కడియాలు కాళ్లలోంచి ఊడిరాల్యా. ఈ పొద్దుటికీ రావు, కావల్సుంటే గుంజి చూడు. మా అత్తే గెలిచిందో, నేనే గెలిచిన్నో!

ఏందే, తాగకుండా నిమ్మకాయ నీళ్ల గలాసు వైపు అట్ల చూస్తాండావు? తియ్యగుండాదా? ఉంటాది మరి. నువ్వు పొద్దున పుల్లటి నీళ్లు తాగి, మొగం ముడుచుకోని కాలేజీకి పోతాంటే నాకు యట్ల మనసొప్పుతాది? రోంతే ఏస్తాండా లే, గోలీ అంత... రెండు గోలీలంత. మీయమ్మకి చెప్పొద్దు. తాగు తల్లీ. నూరేండ్లు చల్లగుండు, బలంగుండు... ఏయ్, యాడికి పోతాండావు పారబోయనీకి? బెల్లం అది, కండ్లు పోతాయి! ఇట్ల తే, నేనే తాగుతా.